కల జరగబోయేది చెబుతుందా?



"తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుంది." "పళ్లు ఊడినట్టు కలొస్తే ఇంట్లో చావు." ఈ మాటలు మన ఇళ్లల్లో ఇంకా వినబడుతున్నాయి. దీక్ష తీసుకున్నాం, గోడకు బుద్ధుని పటం, బాబాసాహెబ్ పటం పెట్టుకున్నాం. కానీ ఒక చెడ్డ కల రాగానే కొందరి కాళ్లు పంతులు ఇంటి వైపే నడుస్తున్నాయి.

కోసల రాజు కలలు

మహాసుపిన జాతకంలో ఒక కథ ఉంది. కోసల రాజు పసేనది ఒకే రాత్రి 16 కలలు కని వణికిపోయాడు. రాజ్యానికో, ప్రాణానికో, సంపదకో ముప్పుందని పురోహితులు చెప్పారు. పెద్ద యజ్ఞం చేయాలన్నారు. బలికి జంతువులను సిద్ధం చేశారు. రాణి మల్లిక మాత్రం బుద్ధుణ్ణి అడగమని భర్తకు చెప్పింది. ఆ కలల వల్ల నీకు ఏ కీడూ రాదని బుద్ధుడు రాజుకు ధైర్యం చెప్పాడు. అధర్మ పాలన నడిచే రోజుల్లో లోకం ఎట్లా తలకిందులవుతుందో ఆ కలల ద్వారానే వివరించాడు. యజ్ఞం ఆగింది, మూగజీవాలు బతికాయి.

ఇక్కడ ఒకటి గమనించండి. భయం రాజుది, లాభం పురోహితులది. కలల ఫలితాలు చెప్పి బతకడాన్ని బ్రహ్మజాల సుత్తం తప్పుడు జీవనోపాధుల్లో ఒకటిగా చెబుతుంది.

"కొన్ని నిజమవుతాయి కదా?"

వెయ్యి మంది ఉన్న ఊరు తీసుకోండి. మనిషికి రాత్రికి ఒక్క కల వేసుకున్నా ఏడాదికి 3,65,000 కలలు. అందులో కొన్ని జరిగిన సంగతులతో కలవకపోతేనే ఆశ్చర్యం! కలిసిన ఒక్కటి పదేళ్లు చెప్పుకుంటాం. కలవనివి పొద్దున్నే మరిచిపోతాం. మంచాన పడ్డ తండ్రి గురించి పగలంతా దిగులుపడ్డ కొడుక్కి, రాత్రి ఆయన పోయినట్టు కల రావడం వింత కాదు. పగటి దిగులే రాత్రి కల.

"మరి మహామాయ కల?" అని అడుగుతారు. ఆ కథ బాబాసాహెబ్ గ్రంథంలోనూ ఉంది. కానీ సిద్ధార్థుడు బుద్ధుడైంది తల్లి కల వల్ల కాదు. ఇల్లు విడిచి, ఏళ్ల తరబడి వెతికి, తన ప్రయత్నంతో అయ్యాడు. అంతా ముందే రాసిపెట్టి ఉంటే ఇక మార్గమెందుకు?

నష్టం ఎక్కడ?

శాంతి పూజకు అప్పు చేస్తాం. కలలో పక్కింటి ముసలామె కనబడితే "చేతబడి చేసింది" అంటాం. బాణామతి అనుమానంతో మనుషుల్ని చంపిన ఘటనలు మన తెలుగు నేల మీదే జరిగాయి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో, బ్రాహ్మణుల చేత ఏ కర్మకాండా చేయించను అన్నది ఒకటి. కలకు శాంతి చేయిస్తే ఆ మాట తప్పినట్టే.

ఆచరణ

1. పొద్దున లేవగానే కలను తేదీతో నోటుబుక్కులో రాయండి. మూడు నెలల తర్వాత ఎన్ని జరిగాయో లెక్క చూడండి. ఏహిపస్సికో, అంటే వచ్చి చూడు అన్నది ఇదే.

2. చెడ్డ కల వస్తే "ఏం జరుగుతుందో" అనుకోకండి. "నా దిగులు దేని గురించి?" అని అడగండి. తండ్రి జబ్బు గురించైతే ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లండి.

3. పడుకునే ముందు మెత్తా భావన చేయండి. మైత్రి వల్ల కలిగే 11 మేళ్లలో హాయిగా నిద్రపట్టడం, చెడ్డ కలలు రాకపోవడం ఉన్నాయని బుద్ధుడు చెప్పాడు.

చర్చించండి: మీ ఇంట్లో కల పేరుతో ఎవరినైనా అనుమానించారా? దాని వల్ల ఎవరు బాధపడ్డారు?

భవతు సబ్బ మంగళం.