విద్యుత్ కారు టైర్ల అరుగుదల – చక్రముల వరుస

అత్తిలి ప్రాంతమున విద్యుత్ కారు వాడు రైతు సోదరులు నెలకొకసారి టైర్లను పరీక్షించుకొనవలెను. బ్యాటరీ మూలమున ఈ కారు అదే పరిమాణముగల పెట్రోలు కారుకంటె బరువుగా నుండును. మోటారు కదలగనే పూర్తి బలము చూపును. కావున చక్రముల వరుస కొద్దిగా తప్పినను టైర్లు త్వరగా అరుగును. కాలువగట్లపై గుంతలలో చక్రము బలముగా పడినచో వరుస తప్పును.

అరుగుదలనుబట్టి లోపమును గుర్తింపవచ్చును:

1. రెండంచులును అరిగినచో గాలి తక్కువ.
2. నడుమ అరిగినచో గాలి ఎక్కువ.
3. ఒక అంచే అరిగినచో చక్రము వాలినది, లేదా వరుస తప్పినది.
4. అరచేతితో అడ్డముగా నిమిరినపుడు రంపపు పళ్లవలె తగిలినచో చక్రములు సమాంతరముగా లేవు.

లోపలి అంచు పైకి కనిపించదు. స్టీరింగు పూర్తిగా త్రిప్పి ముందు టైర్లను చూడవలెను. గాలిని టైరు చల్లగా నున్నపుడే కొలువవలెను.

వరుస సరిచేయింపక క్రొత్త టైరు వేసినచో అదియు అట్లే అరుగును. ముందుగా స్టీరింగు కీళ్లు, బుష్‌ల వదులు పోగొట్టి, పిదప అలైన్‌మెంటు చేయించవలెను. గాడుల లోతు 1.6 మి.మీ.కు దిగిన టైరును వెంటనే మార్చవలెను. వానకాలమున తడిగట్టుపై అరిగిన టైరు పట్టు తప్పినచో ప్రక్కనే కాలువ యున్నదని మరువరాదు.