తల్లి చదువు

పాఠ్యభాగ పరిచయం

భర్తను కోల్పోయిన తల్లి తిరిగి విద్యార్థిని కావాలంటే ఆమె పట్టుదల ఒక్కటే చాలదు. కుటుంబం చేయూతనివ్వాలి. విద్యాసంస్థ తలుపు తెరవాలి. ఈ విషయాన్ని ఒక తెలుగు మహిళ జీవితం ఆధారంగా, నేటి కుటుంబాల స్థితిగతులతో అన్వయించి వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఇంటి యజమాని మరణించినప్పుడు బంధుమిత్రులు వచ్చి ఓదారుస్తారు. పిల్లల చదువు ఏమవుతుందోనని విచారిస్తారు. ఆ పిల్లల తల్లి చదువును గురించి మాత్రం ఎవరూ అడగరు. ‘ఉన్న కొద్దిపాటి సొమ్ము బిడ్డల చదువుకే చాలదు, ఈ వయస్సులో తల్లికి కళాశాల దేనికి?’ అన్న ప్రశ్న పైకి న్యాయంగానే తోస్తుంది. కాని తల్లి చదువు బిడ్డ చదువుకు పోటీ కాదు; అది దానికి కాపుదల. అయ్యలసోమయాజుల లలిత జీవితం ఇందుకు తార్కాణం.

లలిత 1919లో మద్రాసులోని ఒక తెలుగు కుటుంబంలో జన్మించింది. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడు. ఆనాటి ఆచారం ప్రకారం పదిహేనవ ఏటనే ఆమెకు వివాహమైంది. 1937లో కుమార్తె జన్మించిన నాలుగు నెలలకే భర్త మరణించాడు. అప్పటికి ఆమె వయస్సు పద్దెనిమిదేళ్ళు. వితంతువును వంటింటికీ పూజగదికీ పరిమితం చేసే కాలమది. ఆమె మాత్రం పుట్టింటికి చేరి చదువును కొనసాగించదలచింది. క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియట్ ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణురాలైంది.

అటుపైన ఏమి చదవాలన్నది ఆమె ముందున్న సమస్య. ఆనాడు విద్యావంతురాలైన స్త్రీకి వైద్యవృత్తి గౌరవప్రదమైన మార్గం. అయితే వైద్యురాలు వేళకాని వేళల్లో, అర్ధరాత్రి సైతం రోగుల వద్దకు వెళ్ళవలసి ఉంటుంది. పసిబిడ్డను విడిచి అలా తిరగడం ఆమెకు ఇష్టం లేకపోయింది. నియమిత వేళలు గల వృత్తిని కోరి ఆమె ఇంజనీరింగును ఎంచుకున్నది. అప్పటివరకు గిండీ కళాశాలలో విద్యార్థినులే లేరు. తండ్రి ప్రయత్నించగా, కళాశాల అధ్యక్షుడు చాకో, విద్యాశాఖ సంచాలకుడు స్టాతం ఆమె ప్రవేశానికి అనుమతించారు. వందలాది యువకుల నడుమ ఆమె ఒక్కతే విద్యార్థిని. ఆ ఒంటరితనం తొలగేందుకు స్త్రీలకు కూడ ప్రవేశం కలదని ప్రకటన చేయించడంతో లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా అనే మరి ఇద్దరు యువతులు చేరారు.

1943లో లలిత విద్యుత్ ఇంజనీరింగులో పట్టభద్రురాలైంది. పురుషులకు మాత్రమే ఉద్దేశించి అచ్చువేసిన ఆ పట్టాలో ‘అతడు’ అన్న అర్థమిచ్చే ఆంగ్లపదాన్ని కొట్టివేసి ‘ఆమె’ అని వ్రాయవలసి వచ్చింది. భారతదేశపు తొలి మహిళా ఇంజనీరుగా పేరొందిన ఆమె సిమ్లాలోను, కలకత్తాలోను ఉద్యోగాలు చేసింది. భాక్రా నంగల్ ఆనకట్టకు సంబంధించిన విద్యుత్ ప్రసార మార్గాల పనిలో పాలుపంచుకున్నది. ఆ ఊళ్ళలో సోదరుల కుటుంబాల తోడు ఉండబట్టే ఉద్యోగాన్నీ బిడ్డ పెంపకాన్నీ ఆమె రెండింటినీ నిర్వహించగలిగింది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకు హాజరైంది. 1979లో మరణించింది.

లలితకు ఆచార్యుడైన తండ్రి ఉన్నాడు. అటువంటి తండ్రి లేని స్త్రీల గతి ఏమిటి? దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఈ ప్రశ్నకు సమాధానం వెదికింది. 1937లో ఆంధ్ర మహిళాసభను స్థాపించి, చదువు మధ్యలో ఆగిన స్త్రీలను పరీక్షలకు సిద్ధపరచింది. ఆమె అధ్యక్షతన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో వయోజన స్త్రీల కోసం సంక్షిప్త విద్యా పథకాన్ని ప్రారంభించింది. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసింది. 1991లో అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరును ధరించింది. పాఠాలు ఇంటికే పంపి, సెలవుదినాలలో తరగతులు నడిపే ఈ పద్ధతి వల్ల కూలి, కొలువు, వంట మానకుండానే చదివే వీలు కలిగింది.

తల్లి చదువు ఇంటిని ఎలా నిలబెడుతుందో కారుణ్య నియామకాల తీరు గమనిస్తే బోధపడుతుంది. సర్వీసులో ఉండగా ప్రభుత్వోద్యోగి మరణిస్తే ఆ కుటుంబంలో అర్హులైన ఒకరికి ఉద్యోగమిచ్చే అవకాశముంటుంది. ఉద్యోగస్థాయి విద్యార్హతను బట్టి మారుతుంది. తల్లి చదువు ప్రాథమిక స్థాయిలోనే ఆగితే ఆమెకు దొరికేది అటెండరు వంటి చిన్న కొలువే. ఆ జీతం చాలదన్న భయంతో కళాశాలలో ఉన్న కొడుకో, కూతురో చదువు మానుకొని ఉద్యోగంలో చేరిన ఇళ్ళు అనేకం. తల్లి పట్టభద్రురాలైతే ఆమెయే గుమాస్తా ఉద్యోగానికి అర్హురాలవుతుంది. బిడ్డ చదువు ఆగదు.

ఎదిగిన బిడ్డ, తల్లి ఒకే ఇంట విద్యార్థులైనప్పుడు పాత వరుసలు కొంత మారక తప్పదు. ఆంగ్లపాఠం కూతురు చెబితే తల్లి నేర్చుకోవలసి వస్తుంది. సహాధ్యాయులు ఏమనుకుంటారోనన్న బిడియం బిడ్డకూ కలగవచ్చు. పరీక్ష రుసుముకు డబ్బు ఒక్కరికే సరిపోతే తల్లి తనది వాయిదా వేసుకుంటుంది. అలా వాయిదా పడిన చదువు చాలామందికి మళ్ళీ మొదలుకాదు. కనుక ఎదిగిన బిడ్డ తల్లిని మెచ్చుకొని ఊరుకోవడం చాలదు. ఒకపూట వంటపని తాను అందుకోవాలి. దరఖాస్తు గడువు గుర్తుచేయాలి. నాడు లలితకు తండ్రి, సోదరులు ఇచ్చిన అండ నేడు ఎందరో తల్లులకు ఇవ్వగలిగినది చదువుకున్న బిడ్డలే.

అర్థాలు

తార్కాణం = నిదర్శనం
కాపుదల = రక్షణ
రుసుము = ఫీజు
బిడియం = సంకోచం
సహాధ్యాయి = తోటి విద్యార్థి

ప్రశ్నలు

1. తల్లి చదువు బిడ్డ చదువుకు కాపుదల ఎట్లా అవుతుందో పాఠం ఆధారంగా వివరించండి.
2. లలిత వైద్యవృత్తిని కాక ఇంజనీరింగును ఎంచుకోవడానికి కారణమేమి?
3. వయోజన స్త్రీల విద్యకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ చేసిన కృషిని సంగ్రహంగా తెలపండి.
4. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏ సంవత్సరంలో ఏర్పడింది?