హుషారు కుక్క, నిమ్మళమైన ఇల్లు



మొన్న ఆదివారం పూజ ముగిశాక మన విచారణలోని ఒక తండ్రి నన్ను ఆపారు. "ఫాదర్‌గారూ, హైదరాబాదుల ఎవరో వదిలేసిన టెర్రియర్ కుక్క ఉన్నదట. పిల్లలు ఒకటే లొల్లి. తెచ్చుకోమంటరా?" కుక్క చాలా హుషారైనదేగాని, సందడి లేని ఇంటికే ఇస్తామని దాన్ని కాపాడినవారు చెప్పారట. ఉరికే కుక్కకు నిశ్శబ్దమెందుకన్నది ఆయన సందేహం.

టెర్రియర్ అనే పేరు లాటినులో నేల అని అర్థమిచ్చే 'తెర్రా' నుండి వచ్చింది. బొరియల్లో దూరి నక్కలను, ఎలుకలను వెళ్లగొట్టడానికి పెంచిన జాతి ఇది. (వీటిలో ఒక రకానికి ఒక ఆంగ్లికన్ గురువు పేరే ఉన్నది. జాన్ రస్సెల్ 1819లో, ఇంకా ఆక్స్‌ఫర్డులో చదువుతుండగానే, ఆ సంతతికి మూలమైన ఆడకుక్కను కొన్నాడు.) అలాంటి జీవికి రోజూ పరుగు కావాలి, మట్టి తవ్వాలి, వాసన పట్టాలి. అయితే ఒళ్లు అలసిన తరువాత బెదురు లేకుండా పడుకునే చోటూ కావాలి. మన చెవికి సెకనుకు 20 వేల కంపనాల వరకే వినిపిస్తుంది. కుక్క చెవికి 40 వేలు దాటినా వినిపిస్తుంది. దెబ్బలు తిని వచ్చిన కుక్కకైతే గిన్నె క్రిందపడ్డా గుండె అదురుతుంది. మనుషులను చూసి దానికి భయమెందుకని అడగనక్కరలేదు. 2024 ఫిబ్రవరిలో మన మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో దాదాపు 20 వీధికుక్కలను తుపాకులతో కాల్చి చంపిన సంగతి మీకు తెలిసిందే.

మా గురుగృహంలో ఒక ఊరకుక్క ఉండేది. క్రిస్మస్ రాత్రి మనవాళ్లే గుడి ముందు టపాసులు కాల్చితే, మంచం క్రింద దూరి తెల్లవారేదాకా వణికింది. జంతువు యంత్రం వంటిదన్న దెకార్తును సెమినరీలో చదివి పరీక్ష పాసైనవాణ్ణి నేను. ఆ రాత్రి ఆయనకు మార్కులు వేయలేకపోయాను.

జంతువులను అనవసరంగా బాధపెట్టడం మానవ గౌరవానికి తగదని శ్రీసభ సత్యోపదేశం (2418) చెబుతుంది. పేదల కష్టం తీర్చవలసిన సొమ్మును వాటిపై కుమ్మరించరాదని కూడా అక్కడే చెబుతుంది. కాబట్టి ఖరీదైన పట్టుపరుపులు వద్దు. ఎవరూ కదిలించని ఒక మూల, పాత గోనెపట్టా చాలు. మొదటి రెండు మూడు వారాలు చుట్టాలను పిలవకండి. ఒక్కరే అన్నం పెట్టండి. అదే దగ్గరకు రావాలి. మీరు మీద పడకూడదు. తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు పిల్లలు ముట్టకూడదు. పశువైద్యశాలలో రేబిస్ టీకా తప్పనిసరి. పన్ను గాని గోరు గాని గీసుకుంటే వెంటనే సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆనాడే ఆసుపత్రికి వెళ్లండి.

ఇదంతా చెప్పి, "మీ ఇల్లు ఫంక్షన్ హాలు పక్కనే కదా?" అన్నాను. ఆయన నవ్వారు, తరువాత ఆలోచనలో పడ్డారు. తెచ్చి నెల తిరగకముందే తిరిగి పంపితే, ఆ కుక్కను రెండోసారి వదిలేసినట్లే గదా.

ఈ వారం మళ్లీ కలిశారు. పిల్లలు రెండు రోజులు అలిగారట. ఊరి చివర, చుట్టూ గోడ ఉన్న బత్తాయి తోటలో వాళ్ల చిన్నమ్మ ఉంటున్నది. రిటైరైన టీచరు, పొద్దుగాల లేచి తోటంతా నడిచే మనిషి. ఆమెకు సంగతి చెప్పారట. ఆమె జాతి అడగలేదు, రంగు అడగలేదు. "రాత్రి అది యాడ పండుకుంటది బిడ్డా?" అన్నదట.