అమలు సమయం నిలకడగా లేని ప్రోగ్రాముల పోలికలో క్షేత్ర ప్రయోగ సూత్రాలు

కాలువ కింద ఏ తూముకు ఏ వారం నీరు వదలాలి, ఉన్న కోత యంత్రాలను ఏ క్రమంలో పొలాలకు పంపాలి వంటి ప్రశ్నలను పూర్ణాంక ప్రోగ్రామింగు సమస్యలుగా రూపొందించి, సాల్వర్లు అనే ప్రోగ్రాములతో సాధిస్తారు. రెండు సాల్వర్లలో ఏది మేలో తేల్చవలసి వచ్చినప్పుడు, కొన్ని ఫైళ్లపై రెండింటినీ నడిపి సెకన్ల సగటు తీయటం సులభంగా తోచే మార్గం. అది తప్పు నిర్ణయానికి దారితీయగలదు.

ఈ సాల్వర్లు బ్రాంచ్ అండ్ బౌండ్ పద్ధతిలో సమస్యను శాఖలుగా చీలుస్తూ, పనికిరాని శాఖలను తుంచివేస్తూ సాగుతాయి. తొలి చీలిక ఏ చలరాశిపై జరిగిందన్న చిన్న తేడాయే మొత్తం వృక్షం పరిమాణాన్ని మార్చగలదు. అందువల్ల నిలువు వరుసల క్రమం మార్చినా, సీడ్ మార్చినా, ఉత్తమ విలువ మారకుండానే సమయం కొన్ని రెట్లు మారవచ్చు. (సీడ్ అంటే ఇక్కడ విత్తనం కాదు, యాదృచ్ఛిక సంఖ్యల వరుసను ఆరంభించే అంకె.)

క్షేత్ర ప్రయోగ పరిభాషలో సాల్వరు ట్రీట్‌మెంటు, ఫైలు బ్లాకు. ప్రతి ఫైలుపై రెండు సాల్వర్లూ నడవాలి. పోలిక ఫైలు లోపలే జరగాలి. ఒకే ఫైలును పది సీడ్‌లతో నడపటం పది ఫైళ్లకు సమానం కాదు. ఒకే మడిలో పది చోట్ల నమూనా తీసి పది పునరావృత్తులుగా లెక్కించటం వంటిదే అది.

సగటు విషయం ఒక కల్పిత ఉదాహరణలో చూడవచ్చు. మూడు ఫైళ్లపై మొదటి సాల్వరుకు 2, 40, 3000 సెకన్లు, రెండవదానికి 1, 20, 3300 సెకన్లు పట్టాయనుకుంటే, అంకమధ్యమాలు వరుసగా 1014, 1107. మొదటిది మేలనిపిస్తుంది, కాని రెండు ఫైళ్లలో రెండవది సగం సమయమే తీసుకున్నది. ఒక్క పెద్ద ఫైలు తీర్పు చెప్పింది. గుణమధ్యమం తీస్తే 62, 40 వస్తాయి. అయితే ఇందులో 2, 1 సెకన్ల నడుమ తేడాకు కూడా రెండు రెట్ల విలువ దక్కుతుంది. అందుకే ప్రతి సమయానికి 10 సెకన్లు కలిపి గుణమధ్యమం తీసి, తిరిగి 10 తీసివేసే ఆచారం ఉన్నది. అప్పుడు వచ్చేవి 112, 93.

గడువులోగా ముగియని ఫైళ్లను వదలివేయటం, ఎండిపోయిన మళ్లను తీసివేసి దిగుబడి చెప్పటమే. గడువునే సమయంగా వేస్తే విలువ తక్కువగా నమోదవుతుంది. గడువుకు పది రెట్లు వేస్తే ఆ పది ఎక్కడిదన్న ప్రశ్న మిగులుతుంది. పురుగుమందు పరీక్ష ముగిసేనాటికి బతికి ఉన్న పురుగుల ఆయుష్షు లెక్కించటంలోనూ ఇదే చిక్కు. ముగియని ఫైళ్ల సంఖ్యను విడిగా చూపి, కాలంతో పాటు సాధించిన ఫైళ్ల శాతం ఎలా పెరిగిందో గీతగా ఇవ్వటం మేలు.

అన్నిటికన్నా కంటికి కనబడని దోషం ఫైళ్ల ఎంపికలో ఉంటుంది. "పాత సాల్వరుకు 100 సెకన్లు దాటిన ఫైళ్లే కఠినమైనవి" అని ఏరితే, అందులో నిజంగా కఠినమైనవాటితో పాటు ఆ పరుగులో దురదృష్టవశాత్తు ఆలస్యమైనవీ చేరతాయి. కొత్త సాల్వరుకు ఆ దురదృష్టం ఉండదు. పాత సాల్వరునే మరో సీడ్‌తో నడిపి "కొత్తది" అని పేరు పెట్టినా మెరుగుదల కనిపిస్తుంది! స్థానిక రకం తక్కువ పండిన మళ్లనే ఏరి, మరుసటి ఏడు అక్కడ కొత్త రకం వేసి చూసినట్లే. రెండింటిలో ఏ ఒక్కదానికైనా 100 సెకన్లు దాటిన ఫైళ్లన్నిటినీ తీసుకుంటే ఈ పక్షపాతం తొలగుతుంది. పోలికకు ముందే స్థిరపడిన సంకలనాన్ని వాడటం మరో మార్గం. 1992లో మొదలైన మిప్‌లిబ్ సంకలనపు 2017 కూర్పులో బెంచ్‌మార్కు కోసం 240 సమస్యలను ప్రత్యేకించారు. నీటి విడుదల సమస్యలే ప్రధానమైన విభాగానికి మాత్రం వివిధ సంవత్సరాల, వివిధ కాలువల సొంత ఫైళ్లే ఎక్కువ ఉపయోగం.

పరుగుల క్రమాన్ని కూడా యాదృచ్ఛికంగా నిర్ణయించాలి. ఒక సాల్వరును పగలు, మరొకదానిని యంత్రం ఖాళీగా ఉన్న రాత్రి నడిపితే, కొలిచినది సాల్వర్ల తేడాయో వేళల తేడాయో విడదీయటం సాధ్యం కాదు.