పుట్టగొడుగుల బేరంలో తరుగు లెక్క

మిరపకాయలను శీతల గిడ్డంగిలో వేసి ధర కోసం మాసాల తరబడి ఎదురుచూడవచ్చు. పసుపు కూడా అంతే. పుట్టగొడుగుకు ఆ సౌకర్యం లేదు. అందులో పదింట తొమ్మిది వంతులు నీరే. కోసిన గంట నుంచే తూకం పడిపోతుంది. ఇళ్లలో పండించేవారికి పెట్టుబడి యిచ్చి, పంటంతా తామే కొంటామని మాట యిచ్చే వ్యాపారులు ముందుగా చూసుకోవలసింది యీ తరుగునే.

పుట్టగొడుగు అంటే ఒక్క సరుకు కాదు. తొలకరికి పుట్టల మీద లేచే రకం చెదపురుగులతో కలిసి బతికేది గనుక ఇంట్లో పండదు. హోటళ్లు అడిగే బటన్ రకం కాపుకు 14 నుంచి 18 డిగ్రీల చలి కావాలి. హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో అది తేలిక. జాతీయ పుట్టగొడుగుల పరిశోధన కేంద్రం 1983లో అక్కడే వెలసింది. తెలుగు జిల్లాల్లో మాత్రం కరెంటు బిల్లే లాభాన్ని మింగేస్తుంది. ఇంటి సాగుకు అనువైనవి ముత్యపు చిప్ప, పాల, వరిగడ్డి రకాలు.

ముత్యపు చిప్ప రకానికి 20 నుంచి 30 డిగ్రీల వేడి చాలు. వరిగడ్డిని రెండంగుళాల లోపు ముక్కలుగా కోసి, రాత్రంతా నానబెట్టి, వేడినీటిలో గంటసేపు ఉడకనిచ్చి ఆరబెడతారు. గుప్పిట పట్టి పిండితే చుక్క రాలకూడదు, అరచేయి మాత్రం తడవాలి. తడి ఎక్కువైనా, ఉడుకు తక్కువైనా ఆకుపచ్చ బూజు పడుతుంది; ఆ సంచి ఖర్చు నష్టం కింద రాసుకోవలసిందే. ఆరిన గడ్డిని పాలిథిన్ సంచిలో పొరలుగా పేర్చి, పొర పొరకూ విత్తనం చల్లి, మూతి కట్టి, గాలికి రంధ్రాలు పొడుస్తారు. చీకటి గదిలో పదిహేను, ఇరవై రోజులకు సంచి తెల్లగా అల్లుకుంటుంది. ఆ తరువాత వెలుతురు, గాలి, రోజూ నీటి తుంపర. మూడు కాపుల వరకు వస్తుంది.

విత్తనమంటే ఉడికించిన జొన్నల మీద పెంచిన బూజే. ఎండుగడ్డి 100 కిలోలకు ఇది సుమారు 10 కిలోలు పడుతుంది. గడ్డి పశువుల పాక నుంచి వచ్చినా విత్తనం కొనక తప్పదు. పాతబడిందైతే మొత్తం శ్రమ వృథా. చవకని చూసి కొన్నవారే దీనిలో ఎక్కువగా దెబ్బతింటారు.

ఇక లెక్క. 100 కిలోల ఎండుగడ్డికి 50 కిలోల పచ్చి సరుకు దిగుబడి అనుకోవడం క్షేమం. అంతకు మించి వస్తే అదృష్టం. అమ్మకం ఆగితే ఎండబెట్టాలి. పది కిలోలు ఎండితే ఒక కిలో. పచ్చి సరుకును కిలో 200 రూపాయలకు కొన్నారనుకుంటే, ఎండు సరుకు అసలే 2,000 రూపాయలు. ఇంధనం, కూలి, ప్యాకింగు దాని మీద. ఆ ధరకు కొనే చేయి ముందే చూసుకోకుండా ఎండబెట్టడం నష్టాన్ని డబ్బాలో పెట్టి మూత వేయడమే.

మండువేసవిలో పాల పుట్టగొడుగు నయం. 30 నుంచి 35 డిగ్రీలను తట్టుకుంటుంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1998లో ఒక రకాన్ని విడుదల చేసింది. సంచి అల్లుకున్నాక పైన శుద్ధి చేసిన మట్టి పరచాలి. ఆ పని అదనం. అయితే కోసిన తరువాత మిగతా రెండింటికన్నా ఎక్కువ రోజులు నిలుస్తుంది. దూరపు బస్సుకెక్కించే వర్తకుడికి యిది చిన్న సంగతి కాదు.

గది పెంపకంలో మరో జాగ్రత్త వున్నది. ముత్యపు చిప్ప గొడుగు బాగా విప్పుకున్నదంటే కంటికి ఆనని బీజాలు గాలిలో కలుస్తాయి. గాలి ఆడని గదిలో వాటిని పీల్చేవారికి దగ్గు, ఆయాసం పట్టుకుంటాయి. తూకం పెరుగుతుందని కోత ఆపించే కొనుగోలుదారు ఆ ఇంటివారి ఆరోగ్యంతో బేరమాడుతున్నట్లే.

ఆరుబయట పండేది వరిగడ్డి రకం. చెట్టు నీడనో పందిరి కిందనో తడిసిన గడ్డికట్టలను అడ్డంగా, నిలువుగా పేర్చి, విత్తనంతో పాటు కాస్త పప్పుపిండి చల్లి కప్పుతారు. పది, పన్నెండు రోజులకే మొగ్గలు. దిగుబడి స్వల్పం, 100 కిలోల గడ్డికి 10 నుంచి 15 కిలోలు. గుడ్డు ఆకారంలో ఉండగానే కోయాలి. గొడుగు విప్పితే ధర సగానికి పడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా నీరుగారుతుంది. తెల్లవారుజామున కోసినది ఆ రోజే వంటింటికి చేరాలి గనుక, పట్టణానికి కూతవేటు దూరంలోని ఇళ్లతోనే దీని బేరం.