బల్ల మీద కోనిగ్రాట్జ్: 1866 నాటి యుద్ధాన్ని ఒక మధ్యాహ్నంలో ఆడడం ఎలా?

సైనికుల బొమ్మలతో పాత యుద్ధాలు మళ్లీ ఆడాలని ముచ్చటపడేవాళ్లలో చాలామంది నిబంధనల పుస్తకం దగ్గరే నీరుగారిపోతారు. అంత లావు పుస్తకం అక్కర్లేదు. ఆ యుద్ధం ఎందుకు అలా తేలిందో చెప్పే రెండు మూడు కారణాలు పట్టుకుని, వాటికే నిబంధనలు రాసుకుంటే చాలు. మిగతాది పాచిక చూసుకుంటుంది.

మొదటి ఆటకు నేను సూచించేది కోనిగ్రాట్జ్. 1866 జులై 3న, ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో ఉన్న బొహీమియాలో, ప్రష్యా, ఆస్ట్రియా తలపడ్డాయి. చెరో రెండు లక్షల మందికి పైగా ఉన్నా ఒక్క రోజులో తేలిపోయింది. తేల్చినవి మూడు. ప్రష్యన్ల డ్రైసే తుపాకీలో తూటా వెనక నుంచి పెడతారు, పడుకుని కూడా కాల్చొచ్చు. ఆస్ట్రియన్ల లోరెంజ్ తుపాకీకి గొట్టం మూతి నుంచి మందు దట్టించాలి. ఒకడు ఒకసారి కాల్చేలోపు అవతలివాడు మూడు నాలుగు సార్లు కాలుస్తాడు. రెండోది ఫిరంగులు: వీటిలో పైచేయి ఆస్ట్రియాదే. మూడోది ప్రష్యా యువరాజు రాక. ఆయన నడిపే ప్రష్యా రెండో సైన్యం ఇంకా దూరంలోనే ఉంది. వెంటనే రమ్మన్న ఉత్తర్వు రాత్రికి రాత్రి గుర్రం మీద వెళ్లింది. ఆ సైన్యం మధ్యాహ్నానికి వచ్చి ఆస్ట్రియన్ల కుడిపక్క మీద పడింది.

బల్ల

నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉంటే సరిపోతుంది. పొడవు ఉత్తర దక్షిణాలుగా పెట్టండి. పడమటి అంచుకు ఎనిమిది అంగుళాల దూరంలో బిస్ట్రిట్జ్ వాగుకు గుర్తుగా నీలం రిబ్బను పరచండి. వాగు ఒడ్డున, బల్ల నడుమ, సాదోవా ఊరు. దానికి ఈశాన్యంగా ష్వీప్ అడవి, ఓ పచ్చగుడ్డ చాలు. బల్ల మధ్యకు తూర్పుగా గుట్ట మీద ఖ్లూమ్ గ్రామం. గుడ్డ కింద పుస్తకాలు పెడితే గుట్ట అయిపోతుంది.

బలగాలు

బొమ్మల కోసం ఆగకండి. రెండంగుళాల అట్టముక్కలు కోసి, ఆస్ట్రియాకు తెల్ల రంగు, ప్రష్యాకు ముదురు నీలం వేయండి. ఆట నచ్చాక బొమ్మలు కొనుక్కోవచ్చు.

ఆస్ట్రియాకు ఎనిమిది పదాతి దళాలు, రెండు గుర్రపు దళాలు, మూడు ఫిరంగి దళాలు. వీటిని వాగుకు తూర్పున ఎక్కడైనా నిలపొచ్చు. ప్రష్యాకు మొదట పడమటి అంచున ఐదు పదాతి, ఒక గుర్రపు దళం, రెండు ఫిరంగి దళాలు. యువరాజు వెంట వచ్చే నాలుగు పదాతి, ఒక ఫిరంగి దళం బల్ల బయట ఉంటాయి. ప్రతి దళానికీ నాలుగు ప్రాణాలు. దెబ్బ తగిలినప్పుడల్లా దళం మీద ఓ చొక్కా గుండీ పెట్టండి.

వంతులు

మొత్తం పది, ఉదయం ఎనిమిది నుంచి వంతుకో గంట. ప్రతి వంతులో ముందు ప్రష్యా, తర్వాత ఆస్ట్రియా. పదాతి ఆరంగుళాలు, గుర్రాలు పది, ఫిరంగులు నాలుగు కదులుతాయి. కదిలిన ఫిరంగి ఆ వంతులో కాల్చకూడదు. అడవిలో, వాగులో సగం వేగమే.

కాల్పుల్లో ప్రష్యా పదాతికి మూడు పాచికలు, ఎనిమిది అంగుళాల దూరం. ఆస్ట్రియా పదాతికి ఒక్క పాచికే, కానీ లోరెంజ్ ఎక్కువ దూరం పోతుంది కాబట్టి పదంగుళాలు. ఫిరంగులకు రెండేసి పాచికలు. దూరం ఆస్ట్రియాకు 24 అంగుళాలు, ప్రష్యాకు 18. ఐదు, ఆరు పడితే దెబ్బ. శత్రువు అడవిలోనో ఊళ్లోనో ఉంటే ఆరు పడాల్సిందే. రెండు ప్రాణాలు పోయిన దళానికి ఆ పైన ఎప్పుడు దెబ్బ తగిలినా ఒక పాచిక వేయండి. ఒకటి, రెండు పడితే అది ఒక కదలికంత వెనక్కి పోతుంది.

దళాలు ఒకదాన్నొకటి తాకి తలపడితే ఇరుపక్షాలూ మూడేసి పాచికలు వేస్తాయి. దాడి చేసేది ఆస్ట్రియా పదాతి అయితే నాలుగు. ఐదు, ఆరే లెక్క. ఎక్కువ దెబ్బలు తిన్నవారు వెనక్కి తగ్గాలి. అయితే తాకబోయే ముందు ప్రష్యా పదాతి ఒకసారి కాలుస్తుంది, అదీ మూడు పాచికలతో. ఈ ఒక్క నిబంధన కోసమే ఈ ఆట ఆడాలని నా అభిప్రాయం. 1859లో ఇటలీలో ఫ్రెంచివారి చేతిలో ఓడాక ఆస్ట్రియన్లు బాయొనెట్ దాడినే నమ్ముకున్నారు. మీ ఎదుటివాడు కూడా కాల్పుల్లో విసిగి, నాలుగు పాచికల ఆశకు పోయి, దళం వెనక దళాన్ని పంపిస్తాడు చూడండి.

నిజంగానూ అదే జరిగింది. ష్వీప్ అడవిలోకి ఫ్రాన్సెకీ అనే ప్రష్యన్ జనరల్ ఒక్క డివిజన్‌తో చొరబడ్డాడు. అతణ్ని వెళ్లగొట్టడానికి ఆస్ట్రియా కుడిపక్కన ఉండాల్సిన రెండు కోర్‌లు (డివిజన్ కంటే పెద్ద విభాగాలు) ఒకదాని వెనక ఒకటి అడవిలో దిగబడ్డాయి. సర్వసేనాని బెనెడెక్ వెనక్కి రమ్మన్నాడు. వాళ్లు కదిలేసరికి పొద్దెక్కింది, ఉత్తరం వైపు పలచబడింది. అందుకే ప్రష్యా ఆటగాడికి నా సలహా: మొదటి వంతులోనే ఒక పదాతి దళాన్ని అడవి దిశగా నడిపించండి. లోపలికి చేరాక కాల్పుల్లో ఆరు పడితే తప్ప దానికి దెబ్బ తగలదు. ఆస్ట్రియా ఆటగాడికి సలహా: అడవిని వదిలేయండి. వినరనుకోండి.

యువరాజు

నాలుగో వంతు నుంచి ప్రష్యా ఆటగాడు ప్రతిసారీ ఒక పాచిక వేస్తాడు. నాలుగో వంతులో ఆరు పడితే, ఐదులో ఐదు గానీ ఆరు గానీ పడితే, ఆరులో నాలుగు ఆపైన పడితే ఉత్తరపు అంచున రెండో సైన్యం దిగుతుంది. అప్పటికీ రాకపోతే ఏడో వంతులో వచ్చేస్తుంది. పాచిక మరీ తొందరగా కరుణిస్తే ఆస్ట్రియాకు కష్టమే, కానీ ఆ అనిశ్చితి తీసేస్తే ఆటలో పస ఉండదు. ఎప్పుడొస్తారో ముందే తెలిస్తే బెనెడెక్‌కు లేని జ్ఞానం మీకొచ్చినట్టే.

పదో వంతు ముగిసేసరికి ఖ్లూమ్ ఎవరి చేతిలో ఉంటే గెలుపు వారిది.

పాచికలతో యుద్ధం నేర్చుకోవడం ప్రష్యన్ అధికారులకు కొత్తేమీ కాదు. రైస్విట్జ్ అనే ఆఫీసరు 1824లో ప్రచురించిన క్రీగ్‌ష్పీల్‌ను వాళ్లు పటాల మీద ఆడేవారు. దాంట్లో లెక్కల పట్టికలు బోలెడు, మధ్యవర్తి కూడా కావాలి.

ఇవే నిబంధనలతో 1870 నాటి ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధానికి వెళ్లాలంటే మార్చాల్సినవి రెండు ఆయుధాల అంకెలే. ఫ్రెంచి షాస్‌పో తుపాకీకి మూడు పాచికలే ఇచ్చి దూరం 16 అంగుళాలు చేయండి. ప్రష్యా క్రుప్ ఫిరంగులకు మూడేసి పాచికలు ఇచ్చి దూరం 24 చేయండి. ఈసారి తుపాకీ కాల్పుల్లో ముందు దెబ్బ తినేది ప్రష్యన్లే.