ఎయిర్ ఛీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్

రాయపూర్‌లో ఉన్న మీరు మానా విమానాశ్రయంలో దిగే విమానాలను చూసే ఉంటారు. అవి ప్రయాణికుల విమానాలు. యుద్ధవిమానం సంగతి వేరు. ఒక్కరే కూర్చునే యుద్ధవిమానంలో నడిపేదీ, గురిచూసేదీ, వెనుక నుంచి వచ్చే శత్రువును కనిపెట్టేదీ ఆ ఒక్క పైలటే. అటువంటి విమానాలు నడిపి, భారత వైమానిక దళానికే అధిపతి అయిన హైదరాబాదు వ్యక్తిని గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

లతీఫ్ 1923 జూన్ 9న హైదరాబాదులో జన్మించారు. నిజాం కళాశాలలో చదివారు. 1942లో, పద్దెనిమిదేళ్ళ వయసులో వైమానిక దళంలో అధికారి అయ్యారు. మొదట ఆయన నడిపినవి వాపిటి వంటి పాత విమానాలు. వాటికి ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలుండేవి. తరువాత ఇంగ్లండులో హరికేన్, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలపై శిక్షణ పొందారు. తిరిగివచ్చి, బర్మా రంగంలో జపాను సేనలపై పోరాడిన 9వ స్క్వాడ్రన్‌లో పనిచేశారు. (స్క్వాడ్రన్ అంటే ఒక అధికారి కింద పనిచేసే విమానాల దళం.)

ఆ రోజుల్లో ఆయన సహచరులు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్. ఈ పేర్లు గుర్తుంచుకోండి. 1947లో దేశం రెండైంది. వైమానిక దళం కూడా రెండైంది. విమానాలను పంచారు, మనుషులు తామే ఎంచుకోవలసి వచ్చింది. మిత్రులిద్దరూ పాకిస్తాను వైపు వెళ్ళారు, లతీఫ్‌ను కూడా రమ్మన్నారు. మతం వేరు, దేశం వేరు అని భావించిన లతీఫ్ భారతదేశంలోనే ఉండిపోయారు. అప్పటికి ఆయనకు ఇరవైనాలుగేళ్ళు. తరువాత ఆ మిత్రులిద్దరూ పాకిస్తాన్ వైమానిక దళానికి అధిపతులయ్యారు. నిన్న ఒకే మెస్సులో భోంచేసినవారు రేపు ఎదురెదురుగా నిలబడవలసి రావడం ఎంత కష్టమో ఆలోచించండి.

1950లో గణతంత్ర వేడుకల్లో ఢిల్లీ మీదుగా ఎగిరిన విమానాలకు లతీఫ్ నాయకత్వం వహించారు. 1978లో వైమానిక దళాధిపతి అయ్యారు. కొత్త దాడి విమానాలు కొనాలన్న ప్రతిపాదన అప్పటికి ఏళ్ళ తరబడి నలుగుతూ ఉంది. దాన్ని తేల్చడంలో ఆయన కృషి ఉంది. 1979లో జాగ్వార్ విమానాలు మన దేశానికి వచ్చాయి.

పెద్ద పదవి వచ్చాక పైలట్ ఇక కుర్చీకే పరిమితం కావాలా? అమెరికాలో పేరుపొందిన యుద్ధ పైలట్ రాబిన్ ఓల్డ్స్ 1966లో థాయిలాండులోని ఒక వైమానిక విభాగానికి అధిపతిగా వెళ్ళారు. అక్కడ మొదట తనకంటే చిన్నవారి వెనుక, కొత్తవాడిలా ఎగిరి పని నేర్చుకున్నారు. లతీఫ్ కూడా అధిపతిగా ఉండగానే, 1981లో, యాభై ఎనిమిదేళ్ళ వయసులో మిగ్-25లో ఎగిరారు. ఆయన నేర్చుకున్న వాపిటి గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగంతో పోయేది. మిగ్-25 ధ్వని కంటే రెండున్నర రెట్లకు మించిన వేగంతో పోగలదు!

పదవీ విరమణ తరువాత మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్సులో రాయబారిగా పనిచేసి, హైదరాబాదులో స్థిరపడ్డారు. 2018లో అక్కడే మరణించారు.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. 1947లో లతీఫ్ ఎదుట ఉన్న సమస్య ఏమిటి? మీ మాటల్లో ఐదు వాక్యాలు రాయండి.
2. ఓల్డ్స్ చిన్నవారి వెనుక ఎందుకు ఎగిరి ఉంటారు?
3. “నలుగుతూ ఉంది” అన్న మాటను సొంత వాక్యంలో ప్రయోగించండి.